తల చూడటం

చిన్నప్పుడు నాకు తెలిసిన కోతి ఒక్కటే. ఏడాదికోసారి ఒకతను డమరుకం వాయించుకుంటూ మా వీధిలోకి వచ్చేవాడు. అతని చేతిలో తాడు, తాడు చివర గౌను తొడిగిన కోతి. అత్తారింటికి ఎలా వెళ్తావంటే కాళ్ళీడ్చుకుంటూ నడిచేది. పుట్టింటికి ఎలా వెళ్తావంటే గెంతులు వేసేది. మేం పగలబడి నవ్వేవాళ్ళం. ఆ కోతిని చూసి చూసి, కోతి అంటే ఒంటరిదనే చాలాకాలం అనుకున్నాను. దానికీ అమ్మ, మేనత్త, అక్కచెల్లెళ్ళు ఉంటారనీ, వాళ్ళ మధ్య అలకలూ వంతులూ ఉంటాయనీ యాభై దాటాకగాని నాకు తెలియలేదు.

తెలిసింది మా డాబా మీదే.

మాది కొత్తపేటకి దగ్గర్లో ఒక ఊరు. ఒకే డాబా కింద రెండు వాటాలు. ఒక దాంట్లో మా బావగారూ, ఆయన భార్యా ఉంటారు. రెండో దాంట్లో నేనూ, మా ఆయనా. తోటికోడలిని నేను అక్కా అనే పిలుస్తాను. కొబ్బరి దింపు తీయించినప్పుడల్లా కొన్ని కాయలు ఇంటికి ఉంచుకుని, కొట్టి, చిప్పలు డాబా మీద ఎండబెడతాం, నూనె ఆడించుకోవడానికి. పదేళ్ళ కిందట వాటికి కాకుల భయం తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఇప్పుడు కోతులు మందలుగా వస్తున్నాయి. అందుకని చిప్పలు ఎండినన్ని రోజులూ ఒకరు కర్ర పట్టుకుని పైన కూర్చోవాలి. ఆ పని నాది.

కోతుల సంగతి చెప్పే ముందు మా సంగతి ఒకటి చెప్పాలి.

మా అత్తగారున్న రోజుల్లో మధ్యాహ్నం అన్నాలయ్యాక వెనకవైపు అరుగు మీద వరసగా కూర్చునేవాళ్ళం. ముందు అత్తగారు, ఆవిడ వెనక అక్క, అక్క వెనక నేను. ముందున్నవాళ్ళ తల వెనకున్నవాళ్ళు చూడాలి. నా వెనక ఎవరూ లేరు గనక నా తల చూసేవాళ్ళు లేరు. కొత్తకోడలిని, అడగడానికి బిడియం. కొన్నాళ్ళకి అక్కే కనిపెట్టింది. అత్తగారు కునుకు తీయడం మొదలుపెట్టగానే మెల్లిగా వెనక్కి తిరిగి, “ఇటు రా, నీది చూస్తాను” అనేది. ఆవిడ వేళ్ళు నా పాపిట్లో నడుస్తుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చేది. పేలున్నాయా లేవా అన్నది నాకెప్పుడూ పట్టలేదు.

మేం ‘పేలు తీయడం’ అనం. ‘తల చూడటం’ అంటాం. చిన్నప్పటినుంచీ అంటున్న మాటే. అక్షరాలు వచ్చేదాకా దాన్ని విడిగా పట్టుకుని చూడలేదు.

అక్షరాలు నాకు నేర్పింది పక్కింటి కోడలు. బండారులంక పిల్ల, మగ్గం నేసే ఇంటినుంచి వచ్చింది, పదో తరగతి దాకా చదివింది. మా అత్తగారు పోయాక మా వరసలో ఒక చోటు ఖాళీ అయింది. ఆ పిల్ల వచ్చి నా వెనక కూర్చునేది. నా తల చూస్తూనే, అరుగు మీద సుద్దముక్కతో అక్షరాలు రాసి దిద్దమనేది. నాకు ప, వ దగ్గర పెద్ద చిక్కొచ్చింది. రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. ఒకటి పైన తెరుచుకుని ఉంటుంది, ఒకటి మూసుకుని ఉంటుంది, అంతే. ఒకరోజు ‘తల్లో పేలు’ అని రాయమంటే ‘తల్లో వేలు’ అని రాశాను.

“పిన్నిగారండీ, తల్లో వేలేంటండీ! పేలండీ, పేలు” అని ఆ పిల్ల పడీ పడీ నవ్వింది.

అక్క ముందునుంచి తల తిప్పకుండానే, “తప్పేవుందే? వేలు పెడితేనే గదా పేలు దొరికేది. నా చెల్లెలు ఓ మెట్టు ముందే రాసింది” అంది.

నువ్వూ నేర్చుకో అక్కా అంటే, “నాకెందుకు? నువ్వు చదివి చెబుదువుగాని” అనేసేది.

నిరుడు వానలు మొదలైనప్పుడు అక్కకి రొమ్ములో గడ్డ ఉందన్నారు. కాకినాడ తీసుకెళ్ళారు. ఆపరేషన్ అయింది. తర్వాత మూడేసి వారాలకి ఒకసారి వెళ్ళి సెలైన్‌లో మందు ఎక్కించుకోవాలి అన్నారు. రెండోసారి వెళ్ళొచ్చాక జుట్టు ఊడటం మొదలైంది. అక్కది పొడుగు జుట్టు కాదు, ఒత్తు జుట్టు. చూడాలంటే మధ్యాహ్నమంతా పట్టేది. అదంతా దిండుకి అంటుకుని వచ్చేసింది.

అప్పుడు మేమందరం ఆవిడ మీద ప్రేమకొద్దీ ఒక పని చేశాం. బావగారు హాల్లో అద్దం తీసి బీరువా వెనక పెట్టారు. నేను దువ్వెనలన్నీ మా వాటాలోకి తెచ్చేశాను. అరుగు మీద తలలు చూసుకోవడం మానేశాం. నేనూ, బండారులంక పిల్లా ఆవిడకి కనబడకుండా పక్కింటి పెరట్లో కూర్చునేవాళ్ళం. ఆవిడ ముందు తల మాట ఎత్తకూడదని ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది. చూడటానికి వచ్చిన చుట్టాలు బల్ల మీద పళ్ళు పెట్టి, గోడలూ ఫ్యానూ కిటికీలూ చూసి, ఆవిడని తప్ప అన్నీ చూసి వెళ్ళేవారు.

మా అత్తగారికి ఒక సామెత ఇష్టం: కోతి పుండు బ్రహ్మరాక్షసి. కోతికి చిన్న గాయమైతే మిగతా కోతులన్నీ పరామర్శకి వచ్చి, తలా ఒకసారి గెలికి, దాన్ని ప్రాణం మీదికి తెస్తాయట. ఇంట్లో ఎవరికి ఏ బాధ వచ్చినా ఆవిడ ఈ మాట అని, గెలక్కండర్రా అనేవారు. ఆవిడ పోయినా సామెత మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది.

వీధిలో ఎవరైనా అక్క తల చూసి, “మొక్కాండీ?” అని అడిగితే బావగారు ఠక్కున, “ఆయ్, అప్పనపల్లిలో తలనీలాలు ఇచ్చేరండి” అనేవారు. నయంగా ఉంటుందని ఆయన ఆలోచన. అక్క ఒకసారి అది గదిలోంచి విన్నది. “ఇచ్చేనా? నన్నెవరన్నా అడిగేరా ఇస్తావా అని?” అంది. ఆ తర్వాత వీధి గుమ్మంలోకి రావడం మానేసింది. కొంగు నుదుటి దాకా లాక్కుని గదిలో మంచం మీద కూర్చునేది. నేను అన్నం పట్టుకెళ్తే, “అక్కడ పెట్టు” అనేది. అంతకుమించి మాట లేదు.

నాలుగోసారి వెళ్ళాల్సిన రోజు వచ్చేసరికి, ఈసారి రానంది. ఎంత బతిమాలినా కదల్లేదు. “ఇప్పుడిప్పుడే నూగులా మొలుస్తోంది. మళ్ళీ ఆ మందెక్కిస్తే ఇదీ పోద్ది. నావల్ల కాదు. నన్నొదిలేయండి.” ఆస్పత్రినుంచి ఫోన్ వచ్చింది. మందు మధ్యలో ఆపకూడదని, ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చని గట్టిగా చెప్పారు. బావగారు ఫోన్ పెట్టేసి, కండువాతో ముఖం తుడుచుకుని నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను. అప్పటికే వారం దాటిపోయింది.

కోతికి కరెంటు కొట్టింది ఆ వారంలోనే.

ఆ మందని నేను ముందునుంచీ ఎరుగుదును. పొడుగుతోక కోతులు. వాటి నడినెత్తిన వెంట్రుకలు రెండువైపులకీ పడి, ఎవరో దువ్వి పాపిడి తీసినట్టుంటాయి. వాటిలో ఒక ముసలిదానికి ఒక చెవి చిరిగిపోయి ఉండేది. అదెక్కడ కూర్చుంటే మిగతా ఆడకోతులు అక్కడ చేరేవి. మందలో ఒక ఆడకోతి వీధి స్తంభం మీదనుంచి మా కొబ్బరిచెట్టు మీదికి దూకబోయి తీగకి తగిలింది. పెద్ద చప్పుడైంది. కిందపడి, లేచి, పాక మీదికి పాక్కుంటూ పోయింది. వీపంతా కాలి, వెంట్రుకలన్నీ పోయి ఎర్రగా తేలింది.

బండారులంక పిల్ల గోడ మీదనుంచి చూసి, “అది బతకదండీ పిన్నిగారూ. బతికినా మంద రానివ్వదండీ. పుండు గెలికి గెలికి చంపేస్తాయి” అంది. సామెత ఆ పిల్లకీ తెలుసు.

మర్నాడు నేను చిప్పలు పరిచి కూర్చునేసరికి మంద వచ్చింది. కాలినది వాటికి ఎడంగా, పిట్టగోడ చివర ముడుచుకుని కూర్చుంది. కాసేపటికి చెవి చిరిగిన ముసలిది లేచింది. నడుచుకుంటూ వచ్చి దాని వెనక చేరింది. అయిపోయింది, సామెత మొదలైంది అనుకుని నేను కర్ర తాటించాను. రెండూ చెట్టు మీదికి పోయాయి. నేను కూర్చోగానే మళ్ళీ వచ్చి, మళ్ళీ అలాగే ఒకదాని వెనక ఒకటి కూర్చున్నాయి. నేను మళ్ళీ అదిలించాను. మూడోసారి వచ్చినప్పుడు నాకే విసుగొచ్చి, చావండి అని కర్ర కింద పెట్టి చూస్తూ కూర్చున్నాను.

ఆ రోజు డాబా దిగి అన్నం పట్టుకెళ్ళాను. అక్క పళ్ళెం వైపు చూడలేదు.

“బతికే ఉందా?” అంది.

ఎవరు అని నేను అడగబోయి ఆగాను. ఆ చప్పుడూ, బండారులంక పిల్ల మాటలూ గదిలోంచి ఆవిడా వింది కదా. “ఉందక్కా.”

“మందలోకి రానిచ్చేయా?”

“ముసలిదొకటి వెనక కూర్చుంది.”

“పుండు గెలికిందా?”

“పుండు చుట్టూ చూస్తోంది. ఏం చేస్తోందో సరిగ్గా తెలీలేదు. ముందు రెండుసార్లు నేను తరిమేశాను.”

“ఎందుకు తరిమేవు? తెలుసుకోకుండా.” చాలా రోజుల తర్వాత ఆవిడ నన్ను కసిరింది. నాకు సంతోషమైంది.

మర్నాటినుంచి నాకు డాబా మీద రెండు పనులు. చిప్పలు కాయడం, అక్కకి చెప్పడానికి కోతుల్ని చూడటం. ఇంతకుముందు కూడా చూసేదాన్నే, కానీ అది దొంగని చూసినట్టు చూడటం. చెప్పాలని చూస్తే వేరుగా ఉంటుంది. వెంట్రుకల్ని రెండు చేతులతో పాయ తీసి, చర్మం దగ్గరికి ముఖం పెట్టి, బొటనవేలితో నొక్కి, ఏదో దొరికితే నోట్లో వేసుకునేవి. చూపించుకునేది కళ్ళు అరమోడ్పుగా పెట్టి, చెయ్యెత్తమంటే ఎత్తి, తిరగమంటే తిరిగేది. ఎవరూ ఏమీ అనకుండానే ఎలా తెలిసేదో. వంతులు కూడా ఉండేవి. ముసలిదాని తల చూడటానికి ముగ్గురు పోటీ. ఈడొచ్చీరాని ఒక పిల్లకోతి అందరి వీపులూ చూసేది గానీ దానిది చూసేవాళ్ళు లేరు. దాన్ని చూస్తే నాకు అత్తారింటికి వచ్చిన కొత్త గుర్తొచ్చింది. అది కూడా అక్కకి చెప్పాను.

“పాపం. దానికో అక్క లేదనమాట” అంది అక్క.

ఒకరోజు రెండు కోతులు ఒక చిప్ప కోసం జుట్టూజుట్టూ పట్టుకున్నాయి. అరిచి, కరుచుకుని, చెరో మూలకీ పోయాయి. కొంతసేపటికి ఓడిపోయింది వచ్చి, గెలిచినదాని ముందు వీపు పెట్టి కూర్చుంది. గెలిచింది అటూ ఇటూ చూసి, చిప్ప పక్కన పెట్టి, దాని వీపు చూడటం మొదలుపెట్టింది. ఇది చెబితే అక్క, “మనవాళ్ళయితే ముందు మధ్యవర్తి కావాలి, తర్వాత పంచాయితీ, కాఫీలు” అని నవ్వింది.

పుండు సంగతి మాత్రం నేను ఖాయంగా చెప్పలేకపోయేదాన్ని. ఒకరోజు ఆరినట్టుండేది, ఒకరోజు తడిగా ఉండేది. మందలో ఒకటి రెండు గట్టిగా గిల్లితే అది కిచకిచమని పక్కకి జరిగేది. అలా జరిగినా పూర్తిగా ఎడం అయ్యేది కాదు. కాసేపటికి మళ్ళీ ఎవరికో ఒకరికి వీపు ఇచ్చేది.

“నువ్వు చెప్పేది నాకు సరిగ్గా అందట్లేదే” అని ఒక మధ్యాహ్నం అక్క మంచం దిగింది. మెట్ల గోడ పట్టుకుని, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ డాబా ఎక్కింది. నేను చెయ్యి అందిస్తే తోసేసింది. నీడలో గోనెసంచి పరిచాను. కూర్చుంది. కొంగు నుదుటి దాకానే ఉంది.

మంద వచ్చింది. ముసలిది, కాలినది ఎప్పటిలాగే ఒకదాని వెనక ఒకటి చేరాయి. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. ముసలిది మొదట భుజం మీద వెంట్రుకలు పాయలు తీసి చూసింది. తర్వాత చేతులు మెల్లిగా కిందికి, కాలిన మేరకి వచ్చాయి. అక్కడ వెంట్రుకలు లేవు. అంచుల్లో చర్మం ఆరి, గులాబీరంగులో నున్నగా ఉంది. ముసలిది అక్కడా అలాగే పాయలు తీసినట్టు వేళ్ళు కదిపింది. పెదాలు చప్పరిస్తూ, ముఖం దగ్గరగా పెట్టి చూసింది. నోట్లో మాత్రం ఏమీ వేసుకోలేదు.

అక్క చాలాసేపు చూసి అడిగింది. “ఒక్క వెంట్రుకా లేదు కదే. అక్కడేం చూస్తోంది అది?”

ఆ ప్రశ్న అడిగాక ఆవిడ నా వైపు తిరగలేదు, అటే చూస్తూ ఉండిపోయింది. నేను లేచి ఆవిడ వెనకకి వెళ్ళి కూర్చున్నాను. పాత చోటే. నా మోకాళ్ళు ఆవిడ నడుముకి తగిలాయి. కొంగు పట్టుకోవాలంటే నాకు చెయ్యి ఆడలేదు. అలా ఎంతసేపు కూర్చునేదాన్నో, ఆవిడే కొంగు భుజం మీదికి జార్చేసింది.

ఆ తల నేను అంతవరకూ చూడలేదు. ఒకే ఇంట్లో ఉండి, రోజూ అన్నం పట్టుకెళ్ళి, చూడలేదు. నెత్తిన లేత నూగు, తడిగోడ మీద పాకుడు పట్టినట్టు. చెవి వెనక ఒక పుట్టుమచ్చ. ఇన్నేళ్ళు ఆ తల చూసినా అది ఉందని నాకు తెలియదు. నేను వేళ్ళు పెట్టాను. చర్మం వెచ్చగా ఉంది. ముందు నుదుటి దగ్గరనుంచి వెనక్కి, తర్వాత చెవుల పక్కనుంచి పైకి, ఎప్పుడూ చూసే వరసలోనే చూశాను. ఆవిడ మెడ కొంచెంకొంచెంగా వెనక్కి వాలింది.

“ఏవన్నా దొరికితే నోట్లో వేసుకునేవు, జాగర్త” అంది.

నాకు నవ్వొచ్చి, నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది. ఆవిడ భుజాలు కూడా కదిలాయి. నవ్విందో ఏడ్చిందో వెనకనుంచి నాకు కనబడలేదు.

గోడ అవతల బట్టలు ఆరేస్తున్న బండారులంక పిల్ల మమ్మల్ని చూసింది. బకెట్టు అక్కడే వదిలేసి, మెట్లెక్కి వచ్చింది. నా వెనక కూర్చుని నా ముడి విప్పింది. “పెద్దమ్మగారండీ, ఇన్నాళ్ళూ మా పెరట్లో దొంగతనంగా కూర్చున్నాం అండీ. నడుం పడిపోయిందండీ, అక్కడ అరుగే లేదు” అంది.

“నాకు తెలీదనుకున్నారేంటి?” అంది అక్క. “కిటికీలోంచి మీ నవ్వులు వినబడేయి. నన్నొదిలేసి మీరిద్దరే కూర్చున్నారని ఎంత మండిందో నాకు.”

మేం ఆవిడకి నొప్పి కలగకూడదని వెళ్ళాం. ఆవిడకి మాత్రం మేం తనని మందలోంచి వెలివేసినట్టు అనిపించింది.

నూగు పోతుందన్న బెంగ ఆవిడకి తగ్గలేదు. రోజూ మధ్యాహ్నం డాబా మీద కూర్చున్నప్పుడు నా వేలు పట్టుకుని, “ఇక్కడ ఒత్తుగా లేదూ?” అని చూపించేది. ఉందక్కా అనేదాన్ని. “ఇదంతా మళ్ళీ పోద్ది.” పోద్దక్కా అనేదాన్ని. కాదు, పోదు అని అబద్ధం చెప్పాలనిపించలేదు. ఒకరోజు అలాగే అన్నాక, “పోతే పోనీ. వెంట్రుకలుంటే చూడటం కష్టం. అప్పట్లో నీ తలతో నా మధ్యాహ్నాలన్నీ పోయేయి” అన్నాను.

“ఓహో! నీకు పని తగ్గుద్దని నన్ను బోడిదాన్ని చేస్తావా?”

“ఆయ్” అన్నాను.

ఆవిడ నా వేలు వదిలి, “మీ బావగారిని ఫోను చెయ్యమను. ఎప్పుడు రమ్మంటారో కనుక్కోమను” అంది.

వెళ్ళే రోజు నేనూ తయారయ్యాను. వీధి గుమ్మంలో కారు ఎక్కబోతుంటే పాలు పోయించుకుంటున్న ఎదురింటావిడ అక్కని చూసి, అలవాటుగా, “మొక్కు తీర్చుకున్నారాండీ?” అంది. బావగారు నోరు తెరిచేలోపు అక్క ఆగి, “కాదండీ. జబ్బు చేసిందండీ. మందు పడితే ఊడిపోద్ది. మళ్ళీ వస్తాదంట” అంది. ఎదురింటావిడ చెంబు గట్టు మీద పెట్టి దగ్గరికి వచ్చింది. అక్క చెయ్యి పట్టుకుని, తలవైపు మొదటిసారి తిన్నగా చూసి, “మా అమ్మక్కూడా ఇలాగే వచ్చిందండీ” అని మొదలుపెట్టింది. కారు పావుగంట ఆలస్యమైంది. బావగారు గడియారం చూసుకుంటూనే ఉన్నారు.

సామెత తప్పని నేను అనను. గిల్లిన కోతుల్నీ చూశాను. అది నొప్పితో కిచకిచమన్నదీ విన్నాను. కానీ అదే కోతి మళ్ళీ వచ్చి వీపు పెట్టడం కూడా చూశాను. మా అత్తగారు డాబా మీద కాపలా కూర్చోలేదు మరి.

మేం కాకినాడనుంచి తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. కంగారులో చిప్పలు పైన ఎండలోనే వదిలేసి వెళ్ళానని అప్పుడు గుర్తొచ్చింది. బండారులంక పిల్ల గోడ దగ్గర నిలబడి ఉంది.

“పిన్నిగారండీ, నేను కేకలేశానండీ, వినలేదండీ. సగానికి సగం తినేసి, మిగతావి చెట్ల మీదికి పట్టుకుపోయేయండీ.”

నేను తల పట్టుకున్నాను. అక్క అప్పటికి నీరసంగా, నా భుజం మీద బరువంతా వేసి నడుస్తోంది. తలెత్తి ఆ పిల్లని అడిగింది.

“అదొచ్చిందా?”

“అన్నీ వచ్చేయండీ పెద్దమ్మగారూ. ఒక్కటీ తగ్గకుండా వచ్చేయి.”